ఇంటిలోని ధూమశకటములు



ఆటబొమ్మలకు చరిత్ర మేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. శూద్రకుని మృచ్ఛకటికమునకు ఆ నామము కలుగుటకు ఒక పసివాని మట్టిబండియే కారణము. పొరుగు పిల్లవాని బంగారుబండిని చూచిన రోహసేనునకు తన మట్టిబండి రుచింపలేదు. వాని యేడుపు మాన్పుటకై వసంతసేన తన నగలను ఆ బండిలో నింపెను. పిదప కథ యంతయు ఆ నగల వెంట నడచెను. పెద్దలు ఎక్కు వాహనమును పిల్లలు త్రాటగట్టి లాగుట నాటినుండియు ఉన్నదే. పెద్దలకు ధూమశకటము వచ్చిన పిమ్మట పిల్లలకును అది కావలసివచ్చెను. ఆ చిన్న ధూమశకటముల పుట్టుపూర్వోత్తరములను, నూరేండ్లు గడచిన పిదప సైతము వానిని వెదకి తెచ్చి ఇంట నడిపించుకొనువారి తీరును నేడు మనవి చేయుదును.

ఇంగ్లండు దేశమున 1825లో స్టాక్టన్, డార్లింగ్టన్ పట్టణముల నడుమను, 1830లో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమను రైలుమార్గములు తెరవబడినవి. ఆ తరువాత కొలది దశాబ్దములలోనే అచ్చటి ఇత్తడిపనివారు చిన్న ఆవిరియింజనులను చేసి అమ్మసాగిరి. ఇవి నిజముగా ఆవిరితోనే నడచునవి. ఇత్తడి డొల్లలో నీరు, దాని క్రింద స్పిరిటు దీపము, ప్రక్కల రెండు సన్నని గొట్టములు, వానిలో ఆడు కాడలు, ఇంతే యంత్రము. పట్టాలు లేవు. ముందు చక్రములను కొంచెము వంకరగా త్రిప్పి వదలినచో గదిలో గుండ్రముగా పరుగెత్తును. పరుగెత్తినంత మేర నేలపై నీటిచార వదలుటచే ఆంగ్లేయులు దీనికి ‘డ్రిబ్లరు’ అని పేరిడిరి. చొంగకార్చునది యని మన మాట. నీరు కారిన తుడుచుకొనవచ్చును గాని స్పిరిటు చిందినచో తివాచీ అంటుకొనును. పిల్లలకు ఇట్టి బొమ్మ నిచ్చిన తండ్రుల ధైర్యమును మెచ్చుకొనవలెనో, మందలింపవలెనో నాకు తోచదు.

ఈ విద్య ఇంగ్లండున పుట్టినను దానికి వ్యాపారరూప మిచ్చినవారు జర్మనులు. జర్మనీలో మొదటి ఆవిరిరైలు 1835 డిసెంబరు 7వ తేదీన నూరెంబర్గునుండి ఫ్యూర్తునకు నడచినది. దానిని లాగిన ‘ఆడ్లర్’ ఇంజను స్టీఫెన్‌సన్ కార్ఖానాలో తయారై ఇంగ్లండునుండి వచ్చినది. నూరెంబర్గు అంతకుముందు శతాబ్దములనుండియు బొమ్మలపనికి పేరెన్నికగన్న పట్టణము. మన కొండపల్లివలె అదియు వంశపారంపర్యముగా పనివారు నివసించిన చోటు. అట్టి ఊరి వాకిటికే రైలు వచ్చినచో పనివారి చేయి ఊరకుండునా?

అయినను ఈ కథలో ముఖ్యమైన మలుపు నూరెంబర్గున గాక గ్యోపింగెను అను చిన్న పట్టణమున కలిగినది. అచ్చట మార్క్లిన్ అను రేకుపనివాడు 1859లో తగరము పూసిన ఇనుపరేకుతో బొమ్మరిండ్లకు వలయు వంటపాత్రలను చేసి అమ్ముట కారంభించెను. ఆయన 1866లో మరణించెను. భార్య కారొలీన్ పిల్లలతో మిగిలెను. ఆమె దుకాణమును మూయక, ఆ కాలమున స్త్రీలు చేయుటకు సాహసింపని పనిని చేసెను: సరకుల నమూనాలు వెంటబెట్టుకొని తానే ఊరూర తిరిగి వర్తకులను కలిసి అమ్మకము సాగించెను. రెండు దశాబ్దములకు పైగా సంస్థ నిలిచినది ఆమె కష్టముచేతనే. 1888లో కుమారులు భారము వహించిరి. బొమ్మరైళ్లను గూర్చిన గ్రంథములలో కుమారుల పేరు పెద్దయక్షరములలోను, ఆమె పేరు ఒక వాక్యములోను ఉండుట నాకు న్యాయముగా తోచదు.

కుమారులు 1891లో లైప్‌జిగు సంతకు ఎనిమిది అంకె యాకారమున పరచిన పట్టాలను, వానిపై నడచు కీ ఇంజనును కొనిపోయిరి. చూచుటకు చిన్న సంగతియే. అంతకుముందు ఒక పెట్టెలో ఇంజను, రెండు పెట్టెలు, ఒక చుట్టు పట్టా వచ్చెడివి. ఆట అంతటితో సరి. ఈ సోదరులు బొమ్మరింటి వ్యాపారమునుండి ఒక రహస్యము గ్రహించిరి. బొమ్మరిల్లు ఒక్కసారి కొన్న తల్లి, దానికి ఏటేట ఒక పొయ్యియో, ఒక పీటయో కొనక తప్పదు. రైలుకును అట్లే చేయవలెనని వారు పట్టాలను ముక్కలుగా అమ్మిరి. వంకరపట్టా, నిలువుపట్టా, దారి మార్చు పట్టా, స్టేషను, వంతెన, సొరంగము, కైమరము అన్నియు ఒండొంటికి సరిపడునట్లు చేసిరి. అందులకై పట్టాల వెడల్పులను నిర్ణయించి 1, 2, 3 అని అంకెలిడిరి. నేటి లెక్కను 1వ అంకెకు 45 మిల్లీమీటర్లు. తరువాత అంతకంటె చిన్నది కావలసివచ్చి, ఒకటికి క్రింద సున్నయే గదా యని 32 మిల్లీమీటర్ల వెడల్పునకు 0 అని పేరు పెట్టిరి. 1930 దశకమున ఇంకను చిన్నది కావలసివచ్చినది. ‘సున్నలో సగము’ అను నర్థమువచ్చునట్లు, ‘సగము’ అను జర్మను మాటలోని మొదటి యక్షరమునకు సున్నను చేర్చి దానికి హెచ్.ఓ. అని నామకరణము చేసిరి. సున్నలో సగమెంత యని బడిలో అడిగినచో సున్న యనవలెను. ఈ శాస్త్రమున మాత్రము పదునారున్నర మిల్లీమీటర్లు!

నూరెంబర్గున బింగ్ సోదరుల సంస్థ మిక్కిలి పెద్దదై లోకమంతటికి బొమ్మలు పంపెడిది. ఇంగ్లండున నార్తాంప్టను వాసియైన బాసెట్ లోక్ 1899లో వర్తకము ప్రారంభించి, 1900లో పారిసు ప్రదర్శనమున జర్మను బొమ్మలను చూచి, ఇంగ్లండు రైళ్ల పోలికతో, అచ్చటి రంగులతో చేయించి తెప్పించెను. అంతవరకు ఇంగ్లీషు పిల్లలు జర్మను పోలికగల రైళ్లతోనే ఆడుకొనెడివారు.

ఈ నార్తాంప్టను కార్ఖానాకు మన దేశముతో ఒక సంబంధము కలదు. గ్వాలియరు సింధియా మహారాజుగారి జయవిలాస్ ప్రాసాదమున భోజనపు బల్లపై నడచు వెండి రైలును చేసియిచ్చినది వీరే. విద్యుత్తుతో నడచు ఆ చిన్న రైలు పట్టాలమీద అతిథుల ముందుగా తిరుగుచు మద్యపు సీసాలను, చుట్టలను అందించెడిది. ఏడు బండ్లపై సింధియా అను పేరులోని ఇంగ్లీషు యక్షరములేడును ఒక్కొక్కటిగా చెక్కబడియున్నవి. అతిథి సీసాను పైకెత్తగానే రైలు నిలుచును. తిరిగి ఉంచగానే కదలును. రోహసేనుడు కోరినది బంగారుబండి. ఇది వెండిది, అదియు పెద్దవారి యాటకు!

అమెరికాలో జాషువా లయనెల్ కోవెన్ అనునతడు 1900లో న్యూయార్కున సంస్థ స్థాపించెను. 1901లో అతడు చేసిన మొదటి విద్యుత్ బండి పిల్లలకై చేసినది కాదు. అంగడి అద్దపు కిటికీలో సరకును మోయుచు గుండ్రముగా తిరిగి బాటసారులను ఆకర్షించుటకై చేసినది. వచ్చినవారు సరకు నడుగక, ఆ బండి వెల యెంత యని అడిగిరట. ఇండ్లలో విద్యుత్తు అరుదైన దినములవి. ఆమ్లము నింపిన సీసాల బ్యాటరీలతో నడపుకొనెడివారు. 1906నుండి అతడు మూడు పట్టాల పద్ధతి నవలంబించెను. నడిమి పట్టా ద్వారా విద్యుత్తు వచ్చును. అంచు పట్టాల ద్వారా మరలిపోవును. నిజమైన రైలునకు రెండే పట్టాలుండగా మూడేల యని మీరడుగవచ్చును. దారి వెనుకకు చుట్టి వచ్చి తనలో తాను కలియునప్పుడు, రెండు పట్టాల పద్ధతిలో కుడిపట్టా ఎడమపట్టాను తాకి విద్యుత్ప్రవాహము అడ్డదారి పట్టును. మూడు పట్టాలలో ఈ చిక్కు లేదు. అందమునకు లోపమైనను ఆటకు సౌకర్యము. ఈ రెంటి తగవు నేటికిని తీరలేదు.

1930 దశకపు ఆర్థికమాంద్యమున ఆ సంస్థ అప్పులపాలై న్యాయస్థానపు పర్యవేక్షణలో పడెను. 1934లో వారు మిక్కీమౌస్ బొమ్మలు చేతితో నడపు చిన్న కీబండిని ఒక డాలరు వెలకు అమ్మగా రెండు లక్షలకు పైగా చెల్లినవి.

ఇంగ్లండున ఫ్రాంక్ హార్న్‌బీ సంగతి వేరు. అతడు లివర్‌పూలులో ఒక కచేరీ గుమాస్తా. రంధ్రములుగల లోహపు పట్టీలను మరలతో బిగించి యంత్రములు కట్టు ఆటకు 1901లో హక్కుపత్రము పొందెను, అదియే మెకానో. మొదటి ప్రపంచయుద్ధమున జర్మను సరకు నిలిచిపోయినది. యుద్ధానంతరమును దానిపై ఏవగింపు తగ్గలేదు. ఆ సందున 1920లో హార్న్‌బీ కీరైళ్లు వెలువడినవి. తొలి ఇంజనులను మరలు విప్పి తిరిగి కట్టవచ్చును. 1925లో వచ్చిన మొదటి విద్యుత్ రైలు మాత్రము ఇంటి విద్యుత్తునే తీసికొనెడిది. అపాయకరమని తెలిసి తరువాత తక్కువ వోల్టులకు మార్చిరి. ఆయన 1936లో గతించెను. అరచేతిలో ఇముడు హార్న్‌బీ డబ్లో రైళ్లు 1938లో వచ్చినవి.

పిదప రెండవ యుద్ధము. బింగ్ సంస్థ అంతకుముందే, 1930 దశకపు తొలినాళ్లలో అంతరించినది. ట్రిక్స్ అను పేర చిన్న రైళ్లను చేయించిన స్టీఫన్ బింగ్, యూదుడగుటచే నాజీల పాలనలో స్వదేశము విడిచి ఇంగ్లండు చేరవలసివచ్చెను. పిల్లలకు రైళ్లు చేసిన పట్టణముననే 1935లో యూదుల పౌరసత్వమును హరించు శాసనములు చేయబడినవి. అమెరికాలో లయనెల్ వారు ఓడలకు దిక్సూచులు చేయుచు, 1943లో అట్టతో కత్తిరించి మడిచి కట్టుకొను కాగితపు రైలును అమ్మిరి. దానిని సరిగా కట్టుట పెద్దలకే కష్టమయ్యెనట.

యుద్ధము ముగిసిన పిమ్మట పదియేండ్లు వెలుగు; తరువాత క్షీణదశ. ప్లాస్టికు వచ్చినది; టెలివిజను వచ్చినది; నిజమైన ఆవిరియింజనులే కనుమరుగైనవి. కోవెన్ 1959లో తన వాటా నమ్ముకొనెను. మెకానో సంస్థ 1964లో పరులపాలై, లివర్‌పూలు కార్ఖానా 1979లో మూతబడినది. మార్క్లిన్ సంస్థయు 2009లో దివాలా అర్జీ పెట్టుకొని తరువాత తేరుకొన్నది. మన దేశమునను పెద్దపట్టాలపై క్రమముగా నడచిన ఆవిరియింజనులు 1990 దశకమున విశ్రమించినవి.

పిల్లలు వదలిన ఆ బొమ్మలను పెద్దలు పట్టుకొనిరి. అమెరికాలో 1954లో బొమ్మరైళ్ల సంగ్రాహకుల సంఘ మేర్పడినది. పెన్సిల్వేనియాలో స్ట్రాస్‌బర్గున వారికొక ప్రదర్శనశాల కలదు. ఇంగ్లండున హార్న్‌బీ రైళ్ల సంగ్రాహకుల సంఘము 1969లో వెలసినది. వీరి విలువల లెక్క విచిత్రము. నలిగిన పాతరంగు నిలిచియున్న ఇంజనునకు వెల యెక్కువ. దానికే చక్కగా క్రొత్తరంగు వేసినచో వెల తగ్గును. అట్టపెట్టె చినుగకున్నచో దానికే ప్రత్యేకమైన వెల. 1957లో లయనెల్ వారు బాలికలు మెచ్చుదురని గులాబిరంగు ఇంజనుతో ఒక రైలును చేసిరి. ఆడపిల్లలకును నల్లని నిజమైన ఇంజనే కావలెనన్న సంగతి వారికి తట్టలేదు. అంగళ్లలో అది పడియుండెను. ఎవరును కొననందున నేడది అరుదు. అరుదైనందున మిక్కిలి ప్రియము. ప్రియమైనందున నల్లదానికి గులాబిరంగు పూసి మోసగించువారును బయలుదేరిరి.

దాచుటయా, నడుపుటయా అను వాదము వీరిలో ఎల్లప్పుడు నున్నది. అద్దాలబీరువాలో పెట్టినవారు అది చెడదందురు. నడుపువారు, కదలని యంత్రమునకు నూనె గడ్డకట్టి, స్ప్రింగు బిగిసి అదియే చెడునందురు. నా పక్షము రెండవది. కీఇంజనును తుదిమట్టునకు బిగించి ఉంచరాదు. ఆట ముగియగానే పూర్తిగా తిరుగనిచ్చి స్ప్రింగును వదులుచేయవలెను. గట్టిపడిన పాతనూనెను తుడిచి ఇరుసులకు బొట్టు బొట్టుగా పలుచని నూనె వేయవలెను. విద్యుత్ ఇంజనులో పాతతీగెల గుడ్డచుట్ట పొడియై రాలుచుండును. దానిని మార్పక విద్యుత్తు కలుపరాదు. పాత ట్రాన్స్‌ఫార్మరును అసలే నమ్మరాదు. పూర్వపు రంగులలో సీసముండెడిది గనుక చంటిపిల్లల నోటి కందనీయరాదు.

ఇన్ని జాగ్రత్తలు పడినను మాన్పరాని తెగులు ఒకటి కలదు. యుద్ధమునకు ముందు చక్రములను, కొన్ని ఇంజనుల పైకప్పులను తుత్తునాగపు మిశ్రమముతో పోతపోసిరి. ఆ లోహములో రవంత సీసము కలిసినచో అది లోపలి కణముల సందులను తినివేయును. ఏండ్లు గడచినకొలది పోత ఉబ్బును, వంగును, పగులును, చివరకు బెల్లపుపొడివలె చేతిలో రాలును. నడిపినను నడుపకున్నను, పెట్టెలో పట్టుగుడ్డ చుట్టి దాచినను దానికి భేదము లేదు. తేమ తగిలినచో మరింత త్వరపడును. తగరపు రేకుతో చేసిన పేదవాని ఇంజను నూరేండ్లకును నడచుచుండగా, దానికంటె వెలగల పోత ఇంజను బీరువాలోనే పొడియైపోవుట పెక్కుమంది చూచినదే. పగిలిన చక్రములకు బదులు మేలైన లోహముతో క్రొత్తవి పోసియిచ్చువారు నేడు కలరు. వారిలో బాధ్యత గలవారు, తమ తరువాత కొనువాడు మోసపోకుండ, చక్రపు లోపలివైపున ఇది క్రొత్తదని తెలియునట్లు ఒక చిన్న గుర్తు వేయుదురు.