గట్టిపడిన కన్ను: కడప సీమ నుంచి మద్రాసు దాకా ఒక వైద్య చరిత్ర

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలలో భాగమైన కడప సీమకు, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా, పాలనకే గాక పెద్ద వైద్యానికి కూడా మద్రాసే దిక్కు. అక్కడ 1819లో నెలకొన్న కంటి ఆసుపత్రి ప్రపంచంలోని అతి పాతవాటిలో ఒకటి. మద్రాసు–బొంబాయి రైలుమార్గం ఎర్రగుంట్ల మీదుగా వేయడంతో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రజలకు ఆ దారి కొంత దగ్గరైంది గాని, పట్టాలకు దూరంగా ఉన్న పులివెందుల వైపు పల్లెలకు ఆ మేలు అంతగా అందలేదు.

ఆసుపత్రి అందని చోట శుక్లానికి, అంటే కంటిలోని కటకం తెల్లబారి చూపును అడ్డగించే జబ్బుకు, ఊరూరా తిరిగే వైద్యులే దిక్కయ్యారు. సుశ్రుత సంహిత కాలం నాటికే తెలిసిన పద్ధతిలో వారు సన్నని పనిముట్టుతో కటకాన్ని పక్కకు తోసేవారు. రోగికి అప్పటికప్పుడు వెలుతురు కనిపించేది, వైద్యుడు కూలి తీసుకొని వెళ్లిపోయేవాడు. ఆ తరువాత ఏమయ్యేదో మద్రాసు ఆసుపత్రికి 1904 నుంచి దశాబ్దంపాటు అధిపతిగా ఉన్న రాబర్ట్ హెన్రీ ఎలియట్ ఓపికగా పరిశీలించి గ్రంథస్థం చేశాడు: చీము పట్టడం, వాపు, వీటితోపాటు కన్ను రాయిలా గట్టిపడి చూపు శాశ్వతంగా పోవడం. ఈ చివరిది నీటికాసుల జబ్బు.

నీటికాసులంటే కంటి లోపల ఊరే పలుచని ద్రవం బయటికి పోయే దారి మూసుకుపోవడం వల్ల ఒత్తిడి పెరిగి, వెనుకనున్న దృష్టినాడి నలిగిపోవడం. 1830లో స్కాట్లండ్ వైద్యుడు విలియం మెకెంజీ కంటి గట్టిదనాన్ని ఈ జబ్బు లక్షణంగా వర్ణించగా, 1862లో కంటి వైద్యుడు బౌమన్ మూసిన రెప్ప మీద వేళ్లతో నొక్కి ఆ గట్టిదనాన్ని అంచెలుగా గుర్తించే పద్ధతిని ఏర్పరచాడు. 1905లో, కంటి ఒత్తిడిని కొలిచే షియోట్జ్ పరికరం దానికి అంకె కట్టింది. ఎలియట్ 1909లో నల్లగుడ్డు అంచున చిన్న రంధ్రం చేసి ద్రవాన్ని పైపొర కిందికి మళ్లించే శస్త్రచికిత్సను ప్రకటించాడు. మద్రాసులో రూపుదిద్దుకున్న ఆ పద్ధతి యూరపు దాకా వ్యాపించింది. వైద్య చరిత్రలు పరికరాలకు ఇచ్చే గౌరవంలో సగమైనా వేళ్లకు ఇవ్వకపోవడం న్యాయం కాదు, ఎందుకంటే పరికరం కొనలేని ఆసుపత్రులలో చాలాకాలం అవే పరికరాలు.

కడప సీమలోనే ఆసుపత్రి వైద్యానికి తొలి పునాదులలో ఒకటి జమ్మలమడుగులో పడింది. 1890లలో లండన్ మిషనరీ సొసైటీ తరఫున డాక్టర్ టి.వి. క్యాంప్‌బెల్ అక్కడ మొదలుపెట్టిన వైద్యసేవ ఆయన ఇంటిపేరుతోనే క్యాంప్‌బెల్ ఆసుపత్రిగా నిలిచింది. ఆ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రిని నెలకొల్పారు.

ఇక గట్టిపడిన కన్ను విషయానికి వస్తే, ఎలియట్ తరానికి గట్టిదనమంటే లోపలి ఒత్తిడికి గుర్తు మాత్రమే. ఇప్పటి పరిశోధన కణజాలపు బిరుసును, అంటే కణాల చుట్టూ ఉన్న అల్లిక సాగకుండా బిగుసుకుపోవడాన్ని, ఒత్తిడి నుంచి వేరుచేసి, అది జబ్బుకు ఒక కారణం కూడా కావచ్చునంటోంది. ద్రవాన్ని వడగట్టే జల్లెడలాంటి కణజాలం నీటికాసుల రోగులలో సుమారు 20 రెట్లు బిరుసెక్కిందని 2011లో ఒక కొలత చూపగా, తరువాతి కొలతలన్నీ దానితో ఏకీభవించలేదు. కంటి వెనుక వెలుతురును గ్రహించే పొర అయిన రెటీనాలో నాడీకణాలకు ఆసరాగా నిలిచే ముల్లర్ కణాలు ఆ నాడీకణాలకన్నా మెత్తనివని 2006లో తేలింది. రక్తప్రసారం ఆగి దెబ్బతిన్నప్పుడు ముల్లర్ కణాలు గట్టిపడతాయని తరువాత కనుగొన్నారు. చక్కెర జబ్బులో రెటీనా సన్న రక్తనాళాల చుట్టూ ఉన్న పొరను లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము బిగించివేస్తుంది; ఆ బిగువును పసిగట్టిన నాళకణాలు తెల్లరక్తకణాలను అంటిపెట్టుకొని వాపును రేపుతాయి. చక్కెర అదుపులో లేనివారి చూపు దెబ్బతినడంలో ఈ బిగువుకూ పాత్ర ఉన్నట్టు ప్రయోగాలు సూచిస్తున్నాయి.

నీటికాసుల జబ్బుకు, వడపోత జల్లెడను సడలించే చుక్కల మందులు జపానులో 2014లో రిపాసుడిల్, అమెరికాలో 2017లో నెటార్సుడిల్ పేర్లతో అనుమతి పొందాయి. రెటీనా రక్తనాళాల బిరుసును తగ్గించేందుకే తయారైన మందు మాత్రం ఇంకా వైద్యుల చేతికి రాలేదు.