గోదావరి నది: నీటి వాడకం చరిత్ర

మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలోని బ్రహ్మగిరి కొండల్లో గోదావరి పుడుతుంది. అరేబియా సముద్రం అక్కడికి 80 కిలోమీటర్ల దూరమే. అయినా నది తూర్పు పట్టి, 1,465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్షిణాదిన ఇంత పొడవైన నది మరొకటి లేదు.

పుట్టిన చోటు పడమటి కనుమల్లోనే అయినా, నీటిలో ఎక్కువ భాగం దిగువ ఉపనదులదే. దారిలో వచ్చే మరాఠ్వాడా వానలు తక్కువ పడే నేల. కందకుర్తి దగ్గర మంజీర కలిసినా ఎండాకాలం నది సన్నగానే ఉంటుంది. కాళేశ్వరం వద్ద ప్రాణహిత, ఆ దిగువన ఇంద్రావతి, కూనవరం వద్ద శబరి కలిశాకే దానికి అసలు బలం వస్తుంది. విదర్భ, బస్తర్ అడవుల్లో వాన దంచికొడితే భద్రాచలంలో జనం గట్టు వైపు చూస్తారు. అక్కడ 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది.

పాపికొండల ఇరుకు దాటిన నది రాజమహేంద్రవరం దగ్గర వెడల్పవుతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఈ పాయల మధ్య ఒండ్రు పేరుకున్న నేలే కోనసీమ.

ఇంత నీరు పక్కనే పారుతున్నా 19వ శతాబ్దం మొదటి సగంలో డెల్టా రైతు కరువులు చూశాడు. వరదొస్తే చేను మునిగేది, వాన తప్పితే ఎండేది. బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించాడు. నది మధ్య లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా దాన్ని కట్టారు. ఈ పనిలో కాటన్‌కు అండగా నిలిచిన తెలుగువాడు వీణెం వీరన్న. కాటన్ విగ్రహాలు గోదావరి జిల్లాల్లో ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. ఆనకట్టకు రాళ్లు మోసిన కూలీలను కూడా తలచుకోవడం న్యాయం. కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, లాకుల మీదుగా పడవలూ నడిపాయి. సార్వా, దాళ్వా రెండు పంటల వరి ఇక్కడ వేళ్లూనింది. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజి కింద ఇప్పుడు సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

డెల్టాలో వాలును బట్టి నీరు దానంతటదే పారుతుంది. తెలంగాణలో చాలాచోట్ల పొలాలు పైన, నది కింద. ఈ తేడాయే ఆ తర్వాతి కథనంతా నడిపింది. నిజాం ప్రభుత్వం మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ కట్టింది. గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. రాష్ట్రాల మధ్య నీటి పంపకంపై బచావత్ ట్రిబ్యునల్ 1980లో తీర్పిచ్చింది. నీటిని మెట్టకు ఎత్తిపోసే కాళేశ్వరం పథకం 2019లో ప్రారంభమైంది. 2023 అక్టోబరులో ఆ పథకంలోని మేడిగడ్డ బ్యారేజి పియర్లు కుంగాయి.

గోదావరి మీదే కడుతున్న పోలవరం పథకం ముంపు కిందికి వచ్చే మండలాలను 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అక్కడి ఊళ్లలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. పునరావాస కాలనీల్లో వారికి ఇళ్లు కట్టించినా, పోడు భూమినీ అడవినీ ఏటి చేపలనూ వెంట తీసుకెళ్లే వీల్లేదు.