బీరువాలో కెమెరా

2012 జనవరిలో హోమై వ్యారావాలా చనిపోయిందన్న వార్త చదివిన రోజున నా కెమెరా బీరువాలో పాత పట్టుచీరల కింద ఉంది. అప్పటికి మూడేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు. భారతదేశపు తొలి మహిళా ఫోటోజర్నలిస్టు, తొంభై ఎనిమిదేళ్ళు, అంతకు ముందు ఏడాదే పద్మవిభూషణ్ ఇచ్చారు, అని రాశారు పేపర్లో. ఇవన్నీ చదివేసి పక్కన పెట్టేదాన్నే. చివర్లో ఒక చిన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. 1970లో ఆమె కెమెరా పక్కన పెట్టేసిందట. ఆ తర్వాత మళ్ళీ తియ్యలేదట.

ఆ సాయంత్రం బీరువా తెరిచాను. లెన్సు లోపల సాలీడు అల్లినట్టు తెల్లటి పోగులు. కోఠీలో కెమెరాలు బాగుచేసే ఒకాయన దాన్ని వెలుతురుకేసి పెట్టి చూసి, "వాడకుండా చీకట్లో పెట్టేస్తే ఇంతేనమ్మా, ఫంగస్ పడుతుంది" అన్నాడు. వారం తర్వాత తెచ్చుకున్నాను. బాగుచేయించానే గానీ తియ్యాలని మాత్రం అనిపించలేదు. మళ్ళీ అదే బీరువాలో పెట్టాను. ఈసారి చీరల కింద కాదు, పైన.

ఎందుకు మానేశానో ముందు చెప్పాలి. తొంభైల్లో నేను ఒక పత్రికకు ఫోటోలు తీసిచ్చేదాన్ని. ముగ్గుల పోటీలు, వంటల పోటీలు, మహిళా దినోత్సవం నాకు. అసెంబ్లీ, లాఠీచార్జీలు, రాత్రి పూట ప్రమాదాలు మగవాళ్ళకి. నేను తీసినవి చాలాసార్లు పేరు లేకుండానే అచ్చయ్యేవి. ఇంట్లో అందరూ పడుకున్నాక బాత్రూంలో ఎర్ర బల్బు పెట్టుకుని ప్రింట్లు కడిగేదాన్ని, పొద్దున ఎవరైనా స్నానానికి లేచేలోపు ట్రేలు, కెమికల్ వాసన అన్నీ మాయం చెయ్యాలి. ఇవన్నీ కోపం తెప్పించేవి. అయితే కోపం వచ్చినంత కాలం పని ఆగలేదు. నిజం చెప్పాలంటే ఆ కోపమే నన్ను నడిపించింది.

ఆపింది వేరే. 2004లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పత్తి రైతు పురుగుమందు తాగి చనిపోయాడు. నేను వెళ్ళేసరికి ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. ఆ రోజు ఆ ఇంటికొచ్చిన ఫోటోగ్రాఫర్లలో నేను నాలుగోదాన్ని. రెండు మూడు ఫ్రేములు తీశాక ఆమె తల కొంచెం పక్కకు తిప్పి, చెయ్యి నుదుటికి ఆనించి, "ఇట్లనేనా మేడం? ఇంకెంతసేపు కూసోవాలె?" అని అడిగింది. మాకేం కావాలో పొద్దుటి నుంచి నేర్చేసుకుంది. నేనేం జవాబివ్వలేదు. తీశాను. ఆ ఫోటోకు ఒక బహుమతి కూడా వచ్చింది. తర్వాత ఎక్కడ రైతు చనిపోయినా ఆ బొమ్మే వేసేవాళ్ళు. ఆమెకు ఒక్క కాపీ కూడా అందలేదు, నేనూ పంపలేదు.

ఆ తర్వాత ఐదేళ్ళు ఈడ్చుకొచ్చాను. ఎక్కడికి వెళ్ళినా అదే వెలుగు, అదే కోణం, అదే నుదుటి మీద చెయ్యి. అలసట అన్నారు డాక్టరు. విసుగు అన్నారు ఇంట్లోవాళ్ళు. 2009లో మానేశాను. ఎవరూ పెద్దగా గమనించలేదు. ఆడవాళ్ళు పని మానేస్తే లోకానికి అది వార్తే కాదు కదా, ఇంటికి తిరిగొచ్చినట్టు లెక్క.

అందుకే హోమై మానేసిందన్న మాట నాకు ఒక అనుమతి పత్రంలా దొరికింది. ఆమె మీద సబీనా గడిహోక్ రాసిన పుస్తకం 2006లో వచ్చింది. అంతకు ముందే, 1998లో, 'త్రీ విమెన్ అండ్ ఎ కెమెరా' అనే డాక్యుమెంటరీ తీసింది కూడా సబీనాయే. అవి దొరకబుచ్చుకుని చదివాను, చూశాను. పట్టుబట్టి వెతికింది ఒక్కటే: ఎందుకు మానేసింది?

హోమై 1913లో గుజరాత్‌లోని నవ్సారీలో పుట్టింది. తండ్రి పార్శీ నాటక సమాజంలో నటుడు, ఊరూరా తిరిగిన బాల్యం. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుంది. ఫోటో తియ్యడం నేర్పింది స్నేహితుడు మానెక్‌షా, తర్వాత అతన్నే పెళ్ళి చేసుకుంది. మొదట్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో ఆమె తీసినవి మానెక్‌షా పేరు మీద అచ్చయ్యాయి. ఆమె ఎవరికీ తెలియని మనిషి, పైగా ఆడమనిషి. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు వంటింట్లో తిరిగాను. పేరు లేకపోవడం ఒకటి, ఇంకొకరి పేరు ఉండటం ఇంకొకటి. ఏది ఎక్కువ బాధో ఇప్పటికీ తేల్చుకోలేదు.

1942లో ఇద్దరూ ఢిల్లీ వెళ్ళారు, బ్రిటిష్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్‌లో ఉద్యోగానికి. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుంటూ, సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేది. ఎర్రకోట మీద స్వతంత్ర భారత పతాకం మొదటిసారి ఎగరడం, మౌంట్‌బాటెన్ వెళ్ళిపోవడం, నెహ్రూ పావురాన్ని వదలడం, మన తరం పాఠ్యపుస్తకాల్లో చూసి పెరిగిన బొమ్మల్లో కొన్ని ఆమె కళ్ళతో చూసినవే. డాల్డా 13 అన్న పేరు ఆమె సరదాగా పెట్టుకున్నది. పుట్టింది 1913లో, మానెక్‌షాను కలిసింది పదమూడో ఏట, మొదటి కారు నంబరు డిఎల్‌డి 13. 1948 జనవరి 30న ఆమె గాంధీ ప్రార్థన సభకు బయలుదేరి, భర్త వేరే పని మీద వెనక్కి పిలిస్తే తిరిగొచ్చేసింది. జీవితాంతం మిగిలిన బాధ అదేనంది.

1969లో భర్త చనిపోయాడు. మరుసటి ఏడాది ఆమె ఆపేసింది. వితంతువు దుఃఖంతో కళ వదిలేసింది అని కథ అల్లడం ఎంత తేలిక! ఆమె చెప్పిన కారణం అది కాదు. కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫర్ల తీరు నచ్చలేదంది. ఒకరి పట్ల ఒకరికి గౌరవం, మర్యాద, పద్ధతి ఉండేవి, అవి పోయి తొందరగా డబ్బు చేసుకోవడం ఒక్కటే మిగిలింది, ఆ గుంపులో నేనుండను, అని. తర్వాత కొడుకు దగ్గర పిలానీలో కొంతకాలం ఉండి 1973లో బరోడా చేరింది. 1989లో కొడుకు కూడా క్యాన్సర్‌తో పోయాడు. ఒంటరిగా తోట పెంచింది, చెప్పులు, కుర్చీలు తన చేతులతో తనే చేసుకుంది, తొంభై దాటాక నానో కారు కొనుక్కుంది.

మొదట దీన్ని నాకు అనుకూలంగా చదువుకున్నాను. చూశారా, అంతటి మనిషే మానేసింది! కానీ రెండోసారి చదివేటప్పటికి తేడా తెలిసింది. ఆమె అలసిపోయి ఆగలేదు, తిరస్కరించింది. ఎందుకు ఆగుతోందో ఆమెకు తెలుసు. ఆ చేతులు ఒక్కరోజూ ఖాళీగా లేవు. నేనో, ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేక బీరువాలో దాక్కున్నదాన్ని. హోమై నాకు నీడ ఇవ్వలేదు. ఈ సంగతి అర్థమైనప్పుడు ఆమె మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

అప్పుడు డొరోథియా లాంగే దగ్గరికి వెళ్ళాను. ఏడేళ్ళప్పుడు పోలియో వచ్చి జీవితమంతా కుంటుతూ నడిచిన మనిషి. శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బున్నవాళ్ళ పోర్ట్రెయిట్లు తీసే స్టూడియో నడిపేది. మాంద్యం రోజుల్లో కిటికీలోంచి పనుల్లేక తిరుగుతున్న మనుషుల్ని చూసి కెమెరాతో వీధిలోకి దిగింది. ఆ పని కోసం ఇద్దరు కొడుకుల్ని వేరే కుటుంబాల దగ్గర ఉంచాల్సి వచ్చింది. (మగ ఫోటోగ్రాఫర్ల జీవితచరిత్రల్లో పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారన్న వాక్యం మీరెప్పుడైనా చదివారా?) 1942లో జపానీ అమెరికన్లను నిర్బంధ శిబిరాలకు తరలించడాన్ని ప్రభుత్వమే ఆమె చేత తీయించింది. తీశాక సైన్యం ఆ ఫోటోలను యుద్ధం అయ్యేదాకా తొక్కిపెట్టింది. 1945 నుంచి కడుపులో పుండ్లతో ఏళ్ళ తరబడి దాదాపు ఏమీ తియ్యలేకపోయింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. ఇక్కడ నాకు కావలసిన కథ దొరికినట్టే: ఆగింది, లేచింది.

కానీ 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోలో తీసిన ఆ తల్లి ఫోటో ముందు మళ్ళీ ఇరుక్కుపోయాను. ఇద్దరు పిల్లలు భుజాల మీద తలలు దాచుకుంటే, చెంప దగ్గర చెయ్యి పెట్టుకుని దూరంగా చూస్తున్న తల్లి. ఆ చెయ్యి నాకు బాగా తెలిసిన చెయ్యి. లాంగే ఆమె పేరు అడగలేదు. నలభై ఏళ్ళకు పైగా ఆమె లోకానికి 'వలస తల్లి' మాత్రమే. 1978లో ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ తానే బయటికొచ్చి, ఆ ఫోటో వల్ల తనకు పైసా రాలేదని, అసలు తియ్యకుండా ఉంటే బాగుండేదని చెప్పింది. అప్పటికి లాంగే చనిపోయి పదమూడేళ్ళు. జవాబు చెప్పే అవకాశం ఆమెకు లేదు. నాకుంది. అరుగు మీది మనిషి నాలుగు గంటల బస్సు ప్రయాణం అవతల బతికే ఉంది.

మన హైదరాబాద్‌లోనే 1892లో రాజా దీన్ దయాళ్ జనానా స్టూడియో పెట్టాడు. పరదా స్త్రీల కోసం, లోపల ఒక ఇంగ్లీషు మహిళ ఫోటోలు తీసేది. దాన్ని పరదాకు కొనసాగింపుగా చూడటం నాకు అలవాటు. ఈ మధ్య ఇంకో మాట కూడా తోస్తోంది. తన బొమ్మ ఎవరు చూడాలి అన్న ప్రశ్న అక్కడ కనీసం ఉంది, దానికి జవాబు ఆ స్త్రీలది కాకపోయినా. నేను తీసిన అరుగు మీద ఆ ప్రశ్న కూడా లేదు.

2014 అక్టోబరులో వెళ్ళాను. కెమెరా తీసుకెళ్ళలేదు. ఆ పాత ఫోటో పెద్దది చేయించి కాగితంలో చుట్టి పట్టుకెళ్ళాను. ఆమె దాన్ని చాలాసేపు చూసి, "బాగ సన్నగుంటి అప్పుడు" అంది. గోడకు పెట్టలేదు, పెట్టె అడుక్కి తోసేసింది. క్షమాపణ చెప్పాలని బస్సులో వందసార్లు అనుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. ఆమెకు ఇంకో పని ఉంది. ఆసరా పింఛన్లకు కొత్తగా దరఖాస్తులు పెట్టమంటున్నారు, ఫోటో కావాలి. "నువ్వు ఫోటోలు తీస్తవు కద అక్కా?" అంది.

మర్నాడు కెమెరాతో మళ్ళీ వెళ్ళాను. గోడకు తెల్ల దుప్పటి కట్టాం. కూర్చోబోతూ ఆగి, బొట్టు పెట్టుకోవాలా వద్దా అని అడిగింది. ఇంట్లో పెట్టుకుంటుంది, ఆఫీసులో బొట్టుతో ఉన్న ఫోటో చూస్తే మొగుడు పోయినట్టు లేదే అంటారని భయం. కోడలు వద్దంది. పక్కింటామె పెట్టుకో ఏమైతది అంది. కాసేపు ముగ్గురూ వాదించుకున్నారు. నేను కెమెరా చేతిలో పట్టుకుని నిలబడ్డాను, ఏమీ చెప్పకుండా.

చివరికి ఆమే తేల్చింది. ముందు బొట్టు లేకుండా ఒకటి, దరఖాస్తుకు. తర్వాత అద్దం దగ్గరికెళ్ళి పెద్ద బొట్టు పెట్టుకుని, చెవులకు కోడలి కమ్మలు పెట్టుకుని వచ్చి ఇంకొకటి. ఈసారి చెయ్యి నుదుటి మీద లేదు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని సూటిగా నాకేసి చూసింది. ఫోకస్ దొరకడానికి నాకు చాలాసేపు పట్టింది. ఐదేళ్ళ అలవాటు తప్పిన వేళ్ళు.

మొదటిదానివి ఆరు కాపీలు అడిగింది. రెండోది ఒక్కటే చాలంది, ఎవరికీ చూపొద్దంది. చూపలేదు.