చంటిబిడ్డల బట్టల రంగులు: పుట్టుపూర్వోత్తరములు

మన్యపు కొండలలోని డుంబ్రిగుడ సంతలో చీరల దుకాణముల సరసనే వెదురుగడకు వ్రేలాడు చిన్న గౌనులను, చొక్కాలను చూచినవారికి ఒక విభాగము స్పష్టముగా కనబడును: గులాబివన్నెవి ఆడపిల్లలకు, లేతనీలివి మగపిల్లలకు. కొనువారును అమ్మువారును ఇది అనాదిసిద్ధమైనట్లే మాటలాడుదురు. కాని దీని వయస్సు నూఱేండ్లకు మించి ఎంతో లేదు. అదియు ఈ నేలపై పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరివఱకు ఐరోపా, అమెరికాలలో పసివారికి ఆడ మగ భేదము లేక తెల్లని అంగీలే తొడిగెడివారు. ఏలయన, మాటిమాటికి తడియు బట్టను నీట నుడికించి ఎండలో చలువ చేయుటకు తెలుపుకంటె అనువైన వన్నె లేదు. 1918లో సయితము అమెరికాలోని ఒక వర్తకపత్రిక గులాబి మగపిల్లలకు, నీలము ఆడపిల్లలకు తగునని వ్రాసియుండెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప వర్తకులు దానిని తలక్రిందులు చేసి స్థిరపఱచిరి. ఆ స్థిరపఱచినదే నేడు కొండలెక్కి మన సంతకు వచ్చినది.

మన పెద్దలు పసివాని బట్టను ఎన్నుకొనునపుడు ఆడయా, మగయా అని చూడలేదు. ఉతుకునకు నిలుచునా, ఒంటికి పడునా అని చూచిరి. పుట్టిన బిడ్డను కొత్తబట్టలో గాక, పలుమాఱులు చాకిరేవునకు పోయివచ్చి మెత్తబడిన అమ్మమ్మ చీరముక్కతో పొత్తిళ్లు చుట్టెడి ఆచారము తెలుగునాట నేటికిని చెక్కుచెదరలేదు. విడువవలసిన గంజియు, విడువవలసిన రంగును అప్పటికే విడిచిపోయిన బట్ట అది. చేతికందిన ప్రతిదానిని నోటబెట్టుకొను ప్రాణికి అంతకంటె క్షేమకరమైన వస్త్రమును ఏ మిల్లు నేయగలదో నాకు తెలియదు.

ఇక కొండసీమ సంగతి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు జయపురము జమీందారీ విశాఖపట్టణము జిల్లాలోనిదే. కావున నేడు కోరాపుట్ జిల్లాలోనున్న కోట్‌పాడ్ నేతయు ఒకనాటి మన జిల్లా నేతయే. అచటి మిర్గాన్ కులపు నేతగాండ్రు తొగరుచెట్టు వేరుపట్ట నుండి తీయు ఎఱుపు చూడదగినది. ముందుగా నూలును ఆముదము, కట్టెబూడిద, ఆవుపేడ కలిపిన నీట నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మరల నానబెట్టి, ఇట్లు రెండు మూడు వారములు శ్రమించిన తరువాతగాని వేరుపొడితో ఉడికింపరు. ఆ నూనెయు క్షారమును పోగులోనికింకి రంగును పట్టియుంచును. ఆ రంగునకు అన్నభేది తోడైనచో ఎఱుపు ముదురుగోధుమకు, నలుపునకు తిరుగును. రంగు వేయని పోగులు సహజమైన తెలుపుతో నిలుచును. 2005లో ఈ నేతకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇదే సీమలోని గదబ స్త్రీలు చెట్టునారతో తామే నేసికొనెడి కెరంగ్ బట్టలోను ఎఱుపు, నీలము, తెలుపు చారలే ప్రధానములు. ఈ వన్నెలలో ఏదియు స్త్రీది, ఏదియు పురుషునిది అను విధి లేదు. చేతికి దొరకిన వేరును, ఆకును, వాటితో శ్రమించు ఓపికయే విధి.

ప్రకృతిలో దొరకినదెల్ల గట్టిరంగని భ్రమపడరాదు. మన్యమున సమృద్ధిగా పండు పసుపునే చూడుడు: పసుపునీట ముంచిన పిల్లచొక్కాపై సబ్బు తగులగనే ఆ చోటు పారాణివలె ఎఱ్ఱబడును, మంచినీట జాడించిన మరల పచ్చబడును, నాలుగుమాఱులు ఎండలో ఆరవేసిన వెలవెలబోవును. ఏజెన్సీ తోటలలో పెంచు జాఫ్రా దక్షిణ అమెరికా నుండి వచ్చిన చెట్టు. దాని గింజను వ్రేళ్లమధ్య నలిపిన నారింజవన్నె అంటుకొని త్వరగా వదలదు గాని, బట్టకు పట్టించినచో ఎండకు అదియును తాళలేదు. కరక్కాయ తానిచ్చు లేతపసిమికంటె, ఇతర వర్ణములను నూలునకు పట్టించు సాయముననే మిక్కిలి విలువైనది.

1856లో పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ లండనులో కొయినా మందు చేయబోయి ఊదారంగును కనుగొన్ననాడు ఈ ప్రకృతి రంగులకు గడ్డుకాలము ప్రారంభమైనది. 1868లో ఎఱ్ఱని అలిజరిన్‌ను జర్మను రసాయనికులు ప్రయోగశాలలోనే తయారుచేసిరి. మన తీరపు చిరువేరు ఎఱుపునకు మూలము ఆ పదార్థమే. 1897లో కృత్రిమ నీలిమందు విపణికి వచ్చినది. చౌకయు, నానావిధములును అగు రంగులు లభించుట పేదతల్లికి మేలే. దానిని నేను కాదనను. అయితే అజో జాతి రంగులలో కొన్ని విడిపోయి క్యాన్సరు కలిగించు అమైనులను వెలువరించునని తేలుటచే, 1994లో జర్మనీయు, ఆ దశాబ్దముననే మన ప్రభుత్వమును అట్టివానిని నిషేధింపవలసివచ్చినది. బిడ్డ చర్మము పలుచన; బిడ్డ నోరు ఊరకుండదు. కొంగు నమలు పసివానికి ఆ నిషేధము పెద్దవారికంటె ఎక్కువ అవసరము.

కావున నేడు ఈ కొండలలో బిడ్డకు ఏ వన్నె తగును? మూడు నాలుగు నెలలవఱకు శిశువు కన్ను రంగుల భేదమును చక్కగా పట్టజాలదు, వెలుగుచీకట్ల తారతమ్యమునే ముందుగా గ్రహించును. ఆ వయస్సున రంగు చూచువారి సంతోషమునకే. తెలుపును, లేతపసుపును మేలు: వానిపై చీమయో, పురుగో ప్రాకిన వెంటనే కనబడును, మరక దాగదు, ఉడుకబెట్టవచ్చును. నడక నేర్చిన పిదప మాత్రము ముదురెఱుపునకే నా ఓటు. చామనఛాయ ఒంటిపై అది వెలుగును. మార్గశిరపు మంచు క్రమ్మిన ఉదయమున, కాఫీతోట నీడలో తల్లి కన్ను మొదట దానినే పట్టును. వలిసెలు పూచిన చేల గట్టున పసుపుపచ్చ గౌను తొడిగిన బిడ్డ పూవులలో కలిసిపోవును గాని ఎఱ్ఱగౌను బిడ్డ కలిసిపోదు. నల్లని బట్ట చలికాలపు టెండలో వెచ్చనగుట నిజమే. అయినను మాసినదో లేదో తెలియనీయదు.

ఏ రంగైనను కొనుటకుముందు అంగడివాని యెదుటనే చొక్కా లోపలి మడతను తడిపి, తెల్లని చేతిరుమాలుతో గట్టిగా రుద్దవలెను. రుమాలుకు వన్నె అంటినచో ఆ చొక్కాను తిరిగి వెదురుగడకే తగిలింపుడు.