హిమసీమయు ఐరోపా సమాఖ్యయు

ఐరోపా సమాఖ్యకు ఉత్తరధ్రువసీమతోడి సంబంధము రాజనీతితో గాక చేపలతో ఆరంభమైనదనుట పరిహాసము కాదు. 1972నాటి ప్రజాభిప్రాయసేకరణమున గ్రీన్లాండువాసులలో అధికసంఖ్యాకులు వలదనినను, ఆ మహాద్వీపము డెన్మార్కుతోపాటు మరుసటియేట, నేటి సమాఖ్యకు పూర్వరూపమైన ఐరోపా ఆర్థికసమాజమున చేరవలసివచ్చెను. తమ జలములందు పరదేశపుటోడలు వలలు వైచుటను సహింపజాలక, 1979లో స్వపరిపాలనము లభించిన పిమ్మట, 1982లో మరల ఓటువేసి, 1985 ఫిబ్రవరి 1న వారు వైదొలగిరి. సమాజము మాత్రము రొక్కమిచ్చి ఆ చేపలలో తన పాలు నిలుపుకొనెను.

1995లో ఫిన్లాండు, స్వీడనులు చేరుటచే సమాఖ్య పొలిమేర ధ్రువవృత్తమును దాటెనుగాని, ఆర్కిటిక్ మహాసముద్రతీరమున దానికి జానెడు నేలయు లేదు. అట్టి సమాఖ్య 2008లో తన ధ్రువవిధానమును తొలిసారి ప్రకటించి, ధ్రువదేశముల కూటమియైన ఆర్కిటిక్ మండలిలో పరిశీలకస్థానమును కోరెను. మరుసటియేట సీలుచర్మాదుల విక్రయమును నిషేధించుటతో కార్యము చెడెను: ఇన్యూట్ జాతివారికి మినహాయింపు గలదన్నను, చర్మపు బేరమే కూలిన తరువాత ఆ మినహాయింపు వారికేమి కూడుపెట్టును? మండలి సభ్యదేశమైన కెనడా ఆ కోరికకు అడ్డుపడెను. 2013లో స్వీడనునందలి కిరునాలో, అనగా సమాఖ్య ముంగిటనే, మండలి సమావేశమై భారతదేశమునకు పరిశీలకస్థాన మొసగి, సమాఖ్య విషయమున తుదినిర్ణయమును వాయిదావేసెను. 2014లో కెనడాతో సర్దుబాటు కుదిరినను ఆ స్థానము స్థిరపడలేదు.

2021 అక్టోబరులో సమాఖ్య ఆ సీమలోని నూనెను, బొగ్గును, వాయువును భూగర్భముననే విడువవలెనని పలికెను. రష్యాలోని యమాల్ ద్వీపకల్పపు ద్రవీకృతవాయువును ఐరోపా రేవులు అప్పుడును దించుకొనుచునేయుండెను.