‘అమ్మ బతికే ఉంది, ఇక్కడ లేదు’: సర్వే గడిలో ఇరుక్కున్న దళిత పిల్లలు

కడప, ఉభయ గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లే మహిళల్లో దళితులు చాలామంది. పిల్లలు అమ్మమ్మ దగ్గరే పెరుగుతారు. ఇంటింటి సర్వేలో ఆ తల్లి ఏమవుతుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 18 ఏళ్లలోపు ప్రతి బిడ్డ గురించీ రెండు విషయాలు అడుగుతుంది: కన్నతల్లి బతికి ఉందా, ఈ ఇంట్లోనే ఉంటోందా. తండ్రి గురించీ అంతే. అనాథల లెక్క తేల్చడానికి ఇది సరిపోతుంది. కానీ నెలనెలా డబ్బు పంపి రోజూ ఫోన్ చేసే కువైట్ తల్లి, మళ్లీ పెళ్లయి పక్క వీధిలో ఉంటున్న తల్లి, ఏళ్లుగా జాడలేని తల్లి ముగ్గురూ ఒకే గడిలో పడతారు.

సీజన్ వలస కూలీల లెక్క మరీ చిక్కు. 2007-08 జాతీయ నమూనా సర్వే, అంతకుముందు ఏడాదిలో నెల నుంచి ఆరు నెలల లోపు పని కోసం బయట ఉన్నవారిని తాత్కాలిక వలసదారులుగా లెక్కించింది. బలంగీర్, నువాపడ నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చేవాళ్ల సీజన్ దాదాపు ఆరు నెలలు. అంటే సరిగ్గా ఆ గీత మీదే. పదిహేను రోజులు అటూ ఇటూ అయితే లెక్క మారిపోతుంది.

2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. పేరు లేకపోతే రేషన్, పింఛను పోతాయన్న భయంతో ముంబై నుంచి సైతం కూలీలు పరుగున వచ్చారు. ఆ రోజు తల్లిదండ్రుల పక్కన కనిపించిన పిల్లలు మిగతా ఏడాది ఎవరి దగ్గర తిన్నారో ఆ ఒక్కరోజు హాజరు చెప్పదు.

‘ఉంటారా, ఉండరా’ అనడం మాని, ‘గత 12 నెలల్లో ఈ బిడ్డతో ఎన్ని నెలలు ఉన్నారు?’ అని అడగాలి. ఆ తర్వాత: ఇప్పుడు ఎక్కడున్నారు, ఏ పని మీద వెళ్లారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, గత నెల డబ్బు పంపారా? బడి ఫీజు, ఆస్పత్రి లాంటి నిర్ణయాలు ఎవరివన్నదీ తెలియాలి.

రెండో వైపు నుంచీ అడగాలి: ‘వేరేచోట ఉంటున్న మీ పిల్లలు ఉన్నారా?’ ఇందులో గురుకులాల పిల్లలను విడిగా రాసుకోవాలి. చదువు కోసం హాస్టల్‌కు పంపడమూ, పోషించలేక బంధువుల దగ్గర వదలడమూ ఒకటి కాదు.

వాడ మధ్యలో, పదిమంది వింటుండగా ‘మీ ఆయన ఎక్కడ?’ అంటే ఏ ఆడమనిషైనా ‘ఊరెళ్లాడు’ అనే చెబుతుంది. ‘పిల్లల్ని వదిలేశారా?’ అన్న మాట అసలు నోట రాకూడదు. క్షేత్ర అధ్యయనానికి వెళ్లే విద్యార్థులు ఒకే వాడలో కొన్ని ఇళ్లను పాత ప్రశ్నతోనూ కొత్త ప్రశ్నలతోనూ అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.