చెట్టు కల్లును బొక్కసపు దాహమును

మద్యపాన చరిత్రమును వ్రాయువారు తఱచుగా త్రాగువానినే నిందింతురు. అమ్మించువాని జోలికి పోరు. 1970వ సంవత్సరము వఱకు కర్నూలు జిల్లాలో నుండి, పిమ్మట ఒంగోలు జిల్లాలో చేరిన రాచర్ల, గిద్దలూరు సీమ కథను ఆ రెండవ వైపునుండి పరిశీలింతము.

పూర్వము కల్లు ఊరి సరకు. ఈడిగలు మోకు బిగించి, తాటిచెట్టో యీతచెట్టో యెక్కి, గీసి లొట్టి కట్టుదురు. ఆ రసము తనంతటనే పులియును. ఉదయమున దింపినది మఱునాటికి నోట పెట్టరానంత పుల్లనగును. కావున నిలువచేయుటకును, దూరము పంపుటకును వీలు లేకుండెను. త్రాగుడు అప్పుడును దోషమే. కాని దానికి ప్రకృతియే యొక హద్దు నేర్పఱచినది.

ఆ హద్దును చెఱిపినది ఆబ్కారి. 1886వ సంవత్సరపు మదరాసు చట్టముక్రింద కల్లు దింపుటకును అమ్ముటకును సర్కారు అనుజ్ఞ కావలసెను. గీచు చెట్టునకు పన్ను, అంగడికి వేలము. హెచ్చు పాడినవాడు హెచ్చుగా అమ్మిననే గట్టెక్కును. ఇంగ్లండులోను చట్టమే అంగళ్లను పెంచినది. పూర్వ మచ్చట స్త్రీలు ఇండ్లలో కాచి యమ్ముకొనిన బీరునకు, 1830వ సంవత్సరపు చట్టము రెండు గినీల రుసుముతో అంగడి తెఱవనిచ్చెను. జిన్ను వ్యసనమును తగ్గించుటకని చెప్పిన యా చట్టము వేలకొలది బీరంగళ్లను పుట్టించెను.

మన రాజధానిలో మద్యనిషేధము 1937లో సేలములో మొదలై, మఱుసటి యేడు కడప, చిత్తూరులకు వ్యాపించి, 1948 అక్టోబరు నాటికి అంతటను అమలయ్యెను. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను వచ్చెను. సర్కారునకు బదులు దొరకినది. చెట్టెక్కి బ్రదుకువారికి దొరకలేదు. ఆంధ్రరాష్ట్రములో 1954లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు తగవులోనే ఒక్క వోటు తేడాతో కూలెను. ఒంగోలు జిల్లాకు 1972లో పెట్టినది ఆయన పేరే.

1968లో ఎక్సైజు చట్టము వచ్చెను, నిషేధము సడలెను. 1980లలో వారుణి వాహిని పేర సర్కారే సారాను పొట్లములలో పంపెను. పొట్లము పులియదు, చెడదు. పొలమునకును ఇంటిగడపకును చేరును. ప్రకృతి పెట్టిన హద్దు పూర్తిగా తొలగిపోయెను. అప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొను తరగతులలో కూడిన స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ యుద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించెను. 1993లో సారా నిషిద్ధమయ్యెను. 1995లో సమస్త మద్యమును నిషిద్ధమయ్యెను. 1997లో బొక్కసపు లోటు చూపి ఆ నిషేధమును సడలించిరి. 2019లో సర్కారే అంగళ్లు నడపెను. 2024లో మరల ప్రైవేటువారికి లాటరీలో పంచెను.

అంగడి యజమానులు మాఱిరి; రాబడి మాత్రము మాఱలేదు. త్రాగువాని దాహమునకు చికిత్స లెన్నియో చెప్పితిమి. బొక్కసపు దాహమునకు చికిత్స యేది? మద్యపు సొమ్ము లేకుండ బడియు, ఆసుపత్రియు నడచు మార్గమును, గీతవృత్తివారికి వేఱు జీవనమును ముందు చూపవలయును. అవి లేని నిషేధమును బొక్కసము ఖాళీయైన నాడే రద్దుచేయుదురు. దూబగుంట స్త్రీలు తమవంతు పని చేసిరి. మిగిలిన పని పన్ను వేయువారిదియు, వారిని ఎన్నుకొను మనదియు.